మంచె – మాటు : జిమ్ కార్బెట్ జీవితం

జొన్నచేలలో పిట్టలను తోలడానికి నాలుగు గుంజలు పాతి కట్టే మంచె తెలుగు రైతుకు చిరపరిచితమైనది. హిందీలో దానినే మచాన్ అంటారు. వేట చట్టసమ్మతమైన రోజులలో వేటగాళ్లకూ అది ముఖ్యమైన ఆధారం. దుప్పులు నీళ్లకు వచ్చే రేవు దగ్గరో, అవి చేలలోకి దిగే దారిలోనో చెట్టుకొమ్మల నడుమ మంచె కట్టుకొని కూర్చునేవారు కొందరు. అదే చోట నేలమీద, పొదల చాటున ఆకులు కప్పుకొని మాటు వేసేవారు మరికొందరు. రెండు పద్ధతులకూ లాభనష్టాలున్నాయి. దుప్పికి కంటికన్నా ముక్కు పెద్ద కాపలాదారు. నేలమీద కూర్చున్నవాని వాసనను గాలి క్షణంలో దాని చెంతకు చేరుస్తుంది. ఎత్తున కూర్చున్నవాని వాసన చాలావరకు పైనుంచే సాగిపోతుంది. తలపైకెత్తి చూసే అలవాటు కూడా అడవి జంతువులకు తక్కువ. అయితే మంచె ఎక్కినవాడు ఆ చెట్టుకే కట్టుబడిపోతాడు. జంతువు నూరు గజాల అవతల వేరొక దారిన పోతే అతడు చేయగలిగినదేమీ ఉండదు.

దుప్పి వేటలో ఈ ఎంపిక తప్పితే వేటగాడు ఆ పూట ఉత్తచేతులతో ఇల్లు చేరుతాడు, అంతే. మనుషులను తినే పులి విషయంలో తప్పితే మరొక ఇంట దీపం ఆరిపోతుంది. హిమాలయ పాదప్రాంతమైన కుమావూన్‌లో ముప్పై ఏళ్లకు పైగా ఈ ఎంపికను మళ్లీ మళ్లీ ఎదుర్కొన్నవాడు జిమ్ కార్బెట్.

ఎడ్వర్డ్ జేమ్స్ కార్బెట్ 1875 జూలై 25న నైనిటాల్‌లో జన్మించాడు. తండ్రి క్రిస్టఫర్ విలియం కార్బెట్ ఆ ఊరి పోస్టుమాస్టరు. తల్లి మేరీ జేన్. పెద్ద కుటుంబం, పరిమితమైన ఆదాయం. జిమ్‌కు ఆరేళ్లు నిండకముందే, 1881లో, తండ్రి మరణించాడు. అన్న టామ్ పోస్టుమాస్టరు ఉద్యోగంలో చేరి ఇంటి భారం వహించాడు. వేసవిలో నైనిటాల్, చలికాలంలో కొండ దిగువనున్న కాలాఢుంగీ ఆ కుటుంబానికి నివాసాలు. కాలాఢుంగీ ఇంటి ప్రహరీ దాటితే అడవే. బాలునికి బడిలో నేర్చిన చదువుకన్నా ఆ అడవిలో నేర్చిన చదువే ఎక్కువ కాలం ఉపకరించింది.

ఆ చదువుకు ఒక గురువు కున్వర్ సింగ్. సమీప గ్రామానికి పెద్ద. అనుమతి లేకుండా వేటాడటంలోనూ దిట్ట. ఆయన బాలునికి చెప్పిన తొలి పాఠాలలో ఒకటి చెట్లెక్కడం నేర్చుకోమని. చెట్టెక్కడం రాని తన మిత్రుడొకడు పులి వాతబడి పొట్ట చీలి, చావు తప్పించుకొన్న వృత్తాంతాన్ని ఆయన జిమ్‌కు వినిపించాడు. అడవిలో చెట్టు అంటే ప్రాణానికి నిచ్చెన అనే భావం బాలుని మనస్సులో అలా నాటుకొన్నది. అయితే నేల పాఠాలు అంతకన్నా ఎక్కువే. కొండముచ్చు దగ్గు, కాకర్ అనే చిన్న జింక మొరుగు, కణితి గంభీరమైన పిలుపు, చుక్కల దుప్పి కూత, వీటిలో ప్రతిదానికీ ఒక అర్థముంది. పులి కదులుతున్నదో, పడుకొన్నదో, ఏ దిక్కుగా పోతున్నదో ఈ పిలుపులను బట్టి చెప్పవచ్చు. ఇసుకలో పడిన అడుగును చూసి జంతువు వయసునూ వేగాన్నీ అంచనా కట్టవచ్చు. దుప్పి, కణితి మొదలైన పిరికి జంతువుల భయమే పులి జాడ తెలిపే వార్తాపత్రిక అని చెప్పినా తప్పులేదు. కార్బెట్ ఈ భాషను చదవడమే కాక పలకడం కూడా నేర్చాడు. పులి పిలుపును అనుకరించడంలో ఆయన చూపిన నేర్పు తరువాతి కాలంలో ఒక ఊరిని కాపాడింది.

పద్దెనిమిదేళ్ల ప్రాయంలోనే చదువు ముగించి ఆయన బెంగాల్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వేలో చేరాడు. తొలుత ఇంజన్లకు వంటచెరకు సేకరించే పని. తరువాత బీహారులో గంగ ఒడ్డునున్న మొకామా ఘాట్‌లో సరకు మార్పిడి కాంట్రాక్టు. కూలీలతో కలిసి తానూ మూటలు మోస్తూ అక్కడ ఇరవై ఏళ్లకు పైగా గడిపాడు. నరభక్షక మృగాల వేట ఆయనకు వృత్తి కాదు. సెలవు దొరికినపుడు, ప్రభుత్వం కోరినపుడు వెళ్లేవాడు. వెళ్లే ముందు రెండు షరతులు పెట్టేవాడు: ఆ మృగం తలకు ప్రకటించిన బహుమతిని రద్దు చేయాలి, ఇతర వేటగాళ్లను అక్కడినుంచి పంపివేయాలి. బహుమతి కోసం వచ్చినవాడనిపించుకోవడం ఆయనకు రోత. ఇక రెండవ షరతుకు కారణం మరింత లౌకికమైనది. పొదలలో పాకుతూ వెళ్లేవానిని పులి అనుకొని మరొకడు కాల్చే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది!

1907లో ఆయన ఎదుర్కొన్న తొలి నరభక్షకి చంపావత్ ఆడపులి. నేపాల్‌లో రెండు వందల మందిని, అక్కడినుంచి తరిమివేయగా కుమావూన్ చేరి మరి 236 మందిని, మొత్తం 436 మందిని అది పొట్టన పెట్టుకొన్నదని ప్రతీతి. పాలీ అనే పల్లెకు కార్బెట్ చేరేసరికి జనం అయిదు రోజులుగా తలుపులు వేసుకొని ఉన్నారు. ఆ రాత్రి ఆయన మంచె కట్టుకోలేదు. వెన్నెలలో దారి పక్కన ఒక చెట్టుకు వీపు ఆనించి నేలమీదనే కూర్చున్నాడు. పులి ఆ దారినే వస్తుందని ఊరివారు చెప్పారు. నరభక్షకి కోసం రాత్రంతా కాపలా ఉండటం ఆయనకు అదే మొదటిసారి. ప్రతి నీడా పులిలాగే తోచింది. భయంతో కదలలేక అక్కడే ఉండిపోయానని ఆయన తరువాత దాపరికం లేకుండా రాసుకొన్నాడు. తెల్లవారి మనుషులు వచ్చి చూసేసరికి ఆయన మోకాళ్లపై తలపెట్టి నిద్రపోతున్నాడు. ఆ రాత్రి పులి రాకపోవడం ఆయన అదృష్టం.

కొన్ని రోజులకు చంపావత్ సమీపంలో పదహారు, పదిహేడేళ్ల బాలికను పులి ఎత్తుకుపోయింది. నెత్తుటి జాడ వెంట కార్బెట్ ఒంటరిగా నడిచాడు. ఒక నీటిగుంట చెంత ఆ బాలిక అవశేషాన్ని చూసి ఆయన మనసు చెదిరింది. చూపు దానిపైనే నిలిచిపోయింది. అంతలో పై గట్టునుంచి చిన్న మట్టిపెళ్ల దొర్లి గుంటలో పడింది. పులి పైనే ఉంది! కళ్లు ఒకచోట నిలిస్తే నేలమీది వేటగానికి మరణమే. ఆ పాఠాన్ని ఆయన జీవితాంతం మరువలేదు. మరునాడు తహసీల్దారు సహాయంతో దాదాపు మూడువందలమంది గ్రామస్థులు కొండ అంచున బారులు తీరి కేకలతో, డప్పులతో, తుపాకి మోతలతో లోయను కదిపారు. ఆ తుపాకులలో లైసెన్సు లేనివే ఎక్కువ. తహసీల్దారు ఆ సంగతి చూడనట్టే ఊరుకొన్నాడు. కార్బెట్ దగ్గర ఉన్నవి మూడే తూటాలు. అవి అయిపోగా గాయపడిన పులి ఎదుట ఉండగానే పరుగెత్తి తహసీల్దారు తుపాకిని అందుకోవలసి వచ్చింది. ఆనాడు ఆ పులి చచ్చింది. దాని దవడలో కుడివైపు కోరపళ్లు పాత తుపాకి దెబ్బకు విరిగిపోయి ఉన్నాయి. సహజమైన ఆహారాన్ని చంపలేక మనిషిమీద పడిందని కార్బెట్ గ్రహించాడు.

నేలను నమ్ముకొన్న ఈ వేటగాడు మరి చెట్టెప్పుడు ఎక్కాడు? దీనికి జవాబు మృగాల స్వభావంలో ఉంది. పెద్దపులి నరభక్షకిగా మారితే మనిషిపై భయం పూర్తిగా పోగొట్టుకొంటుంది, పట్టపగలే చంపుతుంది. కనుక పగలు దాని జాడ పట్టి నడవవచ్చు. చిరుతపులి ఎంతమందిని చంపినా దానికి మనిషి భయం వదలదు. చీకటిపడ్డాకే ఊళ్లోకి వస్తుంది. చీకటిలో జాడ తీయడం అసాధ్యం. కాబట్టి దాని రాకకోసం ఎదురుచూడక తప్పదు, ఎదురుచూపుకు ఎత్తు కావాలి. చిక్కేమిటంటే, చిరుత చెట్టెక్కగలదు.

ఈ చిక్కు ఎంత భయంకరమైనదో 1910లో పనార్ చిరుత చూపించింది. నాలుగు వందల మందిని చంపినదిగా దానికి పేరు. కార్బెట్ ఒక చెట్టుపై కూర్చుని, కింద మేకను కట్టించాడు. చిరుత పైకి రాకుండా ముళ్లకొమ్మల కట్టలను చెట్టు మానుకు గట్టిగా బిగించి కట్టించాడు. చీకటి పడింది. చిరుత మేక దగ్గరకు పోలేదు. నేరుగా చెట్టు దగ్గరకే వచ్చింది. ముళ్లకొమ్మలను పళ్లతో పట్టి ఊడలాగసాగింది. కట్లు బలంగా ఉండబట్టి సరిపోయింది. మానుకు ఆనుకొని కూర్చున్న మనిషి, కాల్చడానికి వీలులేక, కంటికి ఏమీ కానక, ఆ గుంజుడును ఒంటితో అనుభవిస్తూ ఉండిపోయాడు. మంచె క్షేమమనుకొనేవారు ఆ రాత్రిని తలచుకోవాలి. చివరికి విసిగిన చిరుత మేకపైకి దూకినపుడు తెల్లని మేకను గురుతుగా పెట్టుకొని ఆయన కాల్చాడు. అది గాయపడింది. ఆ రాత్రే దివిటీలు పట్టిన గ్రామస్థులతో నేలమీద దానిని వెదకుతూ వెళ్లాడు. అది మీదికి ఉరికింది. జనం దివిటీలు పారవేసి పరుగుతీశారు. నేలపై పడి మండుతున్న ఆ వెలుగులోనే ఆయన గుండు దాని ఎదలో దిగింది.

మంచెపై ఓర్పుకు పరాకాష్ఠ రుద్రప్రయాగ. కేదారనాథ్, బదరీనాథ్ యాత్రికులు నడిచే దారిలో 1918 నుంచి 1926 వరకు ఒక చిరుత 125 మందిని చంపినట్టు ప్రభుత్వ లెక్క. పొద్దుగూకితే గఢ్వాల్‌లో తలుపు తీసేవారు లేరు. విషం పెట్టారు, ఉచ్చులు పన్నారు, ఫలితం లేకపోయింది. అలకనందపై ఉన్న వేలాడే వంతెనను దాటి చిరుత అవతలి ఒడ్డుకు పోతుందని తలచిన కార్బెట్ వంతెన స్తంభం మీద ఇరవై రాత్రులు గడిపాడు. ఎముకలు కొరికే చలి, తోసివేసే గాలి. ఆ ఇరవై రాత్రులలో వంతెన దాటిన జంతువు ఒక నక్క మాత్రమే. ఆయన ఒకచోట కూర్చున్నపుడు చిరుత మరొకచోట మనిషిని చంపేది. మంచెకున్న అసలు లోపం ఇదే. పైనున్నవాని ఓర్పుకు మూల్యం కిందున్నవారు చెల్లించారు. ఆ బాధ ఆయనను విడువలేదు.

చివరకు గులాబ్‌రాయ్ వద్ద యాత్రికుల దారిపక్కనున్న మామిడిచెట్టుపై మంచె కట్టించాడు. మెడలో గంట ఉన్న మేకను కింద దారిమీద కట్టించాడు. పది రాత్రులు వృథాగా గడిచాయి. పదకొండవ రాత్రి, 1926 మే నెల ఆరంభంలో, చీకటిలో గంట ఒక్కసారి గట్టిగా మోగింది. రైఫిల్‌కు అమర్చిన టార్చిలైటు మీట నొక్కగానే చిరుత భుజం గురికి సరిగ్గా ఎదుట ఉంది. ఆయన కాల్చాడు, వెంటనే టార్చిలైటు ఆరిపోయింది. తగిలిందో లేదో తెలియక తెల్లవారేదాకా చెట్టుపైనే ఉన్నాడు. ఉదయం చూస్తే కొంత దూరంలో చచ్చిపడి ఉన్నది పళ్లరిగిన ముసలి చిరుత. ఎనిమిదేళ్లపాటు జనం పిశాచమని తలచినది అదే.

పెద్దపులుల విషయంలో మాత్రం ఆయన మొగ్గు నేలవైపే. రబ్బరు అడుగుల బూట్లు తొడుక్కొని, చప్పుడు లేకుండా నడిచేవాడు. గాలి గురించి ఆయన చేసిన ఆలోచన చాలా లోతైనది. మనిషికి వాసన పట్టే శక్తి తక్కువని పులికి తెలియదు. జింకలను పట్టేటపుడు ఎలా గాలికి ఎదురుగా వస్తుందో మనిషిపైకీ అలాగే వస్తుంది. కాబట్టి గాలి వాలున ఉన్న దిక్కే అపాయస్థానం. నడిచేవాడు గాలికి అడ్డంగా ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మరలుతూ పోతే ఆ దిక్కు ఎప్పుడూ అతని కంటికి పక్కనే ఉంటుంది, వీపు వెనకకు రాదు. ఎదురుగాలికి పడవ నడిపే సరంగు కూడా ఇలాగే చేస్తాడు.

ఇంత జాగ్రత్త కూడా ఒక్కోసారి చాలదు. చౌగఢ్ ప్రాంతంలో అయిదేళ్లలో 64 మందిని చంపిన ఆడపులి కోసం 1930 ఏప్రిల్ 11న ఆయన ఒక ఇరుకైన వాగులోకి దిగాడు. దారిలో కనబడిన వింత పక్షిగుడ్లను రెండింటిని ఎడమచేతిలో పట్టుకొన్నాడు. గుడ్లు సేకరించడం ఆయనకు సరదా. ఒక పెద్ద బండ మలుపు తిరిగి భుజం మీదుగా వెనకకు చూస్తే, ఎనిమిది అడుగుల దూరంలో పులి, దూకడానికి సిద్ధంగా! రైఫిల్ కుడిచేతిలో, అది కూడా అటువైపు మొగమై ఉంది. ఎడమచేయి గుడ్లతో నిండి ఉండటం వలన ఆయన గభాలున తిరగలేకపోయాడు. ఒక్క చేత్తో, పులి కళ్లలోకి చూస్తూ, కదులుతున్నట్టు తెలియనంత మెల్లగా తుపాకిని ముప్పాతిక వలయం తిప్పి కాల్చాడు. వేగంగా తిరిగి ఉంటే అది దూకేది. తరువాత వెళ్లి ఆ గుడ్లను గూటిలో పెట్టి వచ్చాడు. అరగంట గడిచాక చూస్తే తల్లిపక్షి వాటిపై పొదుగుతూ కనిపించింది.

ఆయన చివరి నరభక్షకి థాక్ ఆడపులి. పాత తుపాకి గాయాలు దానిని నరభక్షకిగా మార్చాయి. దాని భయానికి థాక్ గ్రామం పూర్తిగా ఖాళీ అయింది. కార్బెట్ చెట్లపై రాత్రులు గడిపాడు, పులి దొరకలేదు. నవంబరు నెలాఖరుతో ఈ వేటలకు స్వస్తి చెబుతానని ఆయన ముందే మాట ఇచ్చాడు. 1938 నవంబరు 30 సాయంకాలం, ఇక తిరిగిపోవలసిన వేళ, కొండమీదనుంచి జతకోసం పిలుస్తున్న పులి గొంతు వినబడింది. చెట్టు వెదికి ఎక్కే వ్యవధి లేదు. అరవై మూడేళ్ల ఆ మనిషి దారిపక్కనున్న బండ వెనుక అంచుపై కష్టంగా నిలదొక్కుకొని, మగపులిలా బదులు పలికాడు. పిలుపుకు పిలుపు, అడుగుకు అడుగు, పులి దగ్గరకు వచ్చింది. వెలుగు పూర్తిగా పోవడానికి కొద్ది నిముషాల ముందు అది బండకు ఎదురుగా తల చూపింది. తుపాకి తన్నుకు ఆయన వెనక్కు పడి, కింద దాగి ఉన్న గ్రామస్థులమీద, వారు పట్టుకొన్న మేకమీద దొర్లాడు.

ఆయన జీవితంలో మెచ్చదగనివీ ఉన్నాయి. నరభక్షకులు కాని పులులను కూడా ఆయన చంపాడు. 1930 చలికాలంలో చంపిన పవల్‌గఢ్ పెద్దపులి అలాంటిదే. వైస్రాయి వంటి ప్రముఖులకు వేటలు ఏర్పాటు చేశాడు. 1931లో మోహన్ నరభక్షకిని నిద్రలో కాల్చవలసి వచ్చినందుకు మాత్రం ఆయన మనస్సు చాలాకాలం నొచ్చుకొన్నది. క్రమంగా తుపాకి స్థానాన్ని కెమెరా ఆక్రమించింది. ఆశ్చర్యమేమంటే, కెమెరాకు ఆయన ఎన్నుకొన్నది నేల మాటునే. 1930 దశకం చివర ఒక అడవి వాగు ఒడ్డున చాటు కట్టుకొని, కెమెరా చప్పుడు పులులకు వినబడకుండా వాగుకు అడ్డుకట్టలు వేసి చిన్నచిన్న జలపాతాలు కల్పించాడు. ఆ నీటి హోరు మాటున ఏడు పులులను ఒకే చిత్రంలో తీయగలిగాడు. 1936లో ఏర్పడిన హేలీ జాతీయ పార్కు భారతదేశంలో మొదటిది. దాని స్థాపనకు ఆయన తోడ్పడ్డాడు. స్వాతంత్ర్యానంతరం దానికి ఆయన పేరే పెట్టారు. 1973 ఏప్రిల్ 1న ప్రాజెక్టు టైగర్ అక్కడే ఆరంభమైంది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో బర్మా అడవులకు వెళ్లే సైనికులకు నేలపై చప్పుడులేని నడకనూ, అడవి గుర్తులనూ ఆయన బోధించాడు. 1944లో వెలువడిన కుమావూన్ నరభక్షకుల పుస్తకం ఆయనను ప్రపంచానికి పరిచయం చేసింది.

1947 చివర కార్బెట్ అక్క మ్యాగీతో కలిసి భారతదేశం విడిచి, ఆఫ్రికాలోని కెన్యా చేరాడు. న్యేరీ పట్టణంలో స్థిరపడ్డాడు. ఆ సమీపంలో ట్రీటాప్స్ అనే విడిది ఉండేది. పెద్ద మర్రిజాతి చెట్టుకొమ్మల మీద, నీటిమడుగుకు ఎదురుగా కట్టిన గది అది. ఒక విధంగా పెద్ద మంచె. అయితే దానిమీద తుపాకులతో కూర్చునేవారు లేరు, చూడవచ్చినవారే. 1952 ఫిబ్రవరి 5న ఇంగ్లండు రాకుమారి ఎలిజబెత్ భర్తతో అక్కడకు వచ్చింది. డెబ్బై ఆరేళ్ల కార్బెట్ ఆమెకు తోడుగా ఉండి, మడుగుకు వచ్చిన ఏనుగులను చూపించాడు. అందరూ నిద్రించాక, చిరుత పైకి రాగల నిచ్చెన కొనమీద రైఫిల్‌తో ఆయన రాత్రంతా కాపలా కూర్చున్నాడు. ఆ రాత్రి గడిచేలోగా ఇంగ్లండులో రాజు ఆరవ జార్జి కన్నుమూశాడు. చెట్టెక్కిన రాకుమారి దిగేసరికి రాణి అయింది.

1954లో కెన్యా తిరుగుబాటు కాలంలో ఆ చెట్టువిడిదిని తగులబెట్టారు. 1955 ఏప్రిల్ 19న గుండెపోటుతో కార్బెట్ మరణించాడు. న్యేరీలోని చర్చి ఆవరణలో ఆయన సమాధి ఉంది. చెట్టుపై గడిపిన ఆ రాత్రిని గూర్చి ఆయన రాసిన చిన్న పుస్తకం, ఆయన చివరి రచన, మరణానంతరం అదే ఏడు అచ్చయింది.